ఎలియట్ కౌంటీ ఎందుకు చేజారింది?

అమెరికాలోని కెంటకీ రాష్ట్రం, తూర్పు కొండల్లో ఎలియట్ అనే చిన్న కౌంటీ ఉంది. జనాభా ఏడు వేల పైచిలుకు. మన దగ్గరైతే ఓ పెద్ద పంచాయతీ. 1872 నుంచి 2012 దాకా ప్రతి అధ్యక్ష ఎన్నికలోనూ అక్కడ డెమొక్రాట్లదే పైచేయి. రిపబ్లికన్లు 1972లో నిక్సన్, 1984లో రీగన్ చెరో 49 రాష్ట్రాలు గెలిచినప్పుడు కూడా ఎలియట్ కదల్లేదు. దాదాపు అందరూ తెల్లవాళ్లే ఉన్న ఆ కౌంటీలో 2008లో ఒబామాకు 61 శాతం ఓట్లు పడ్డాయి. ఎనిమిదేళ్లు తిరిగేసరికి ట్రంప్‌కు 70 శాతం పడ్డాయి. 2020లో ఆయన వాటా 75 శాతానికి చేరువైంది.

చదువులేని జనం, జాతి దురభిమానం అంటూ ఇలాంటి చోట్ల ఓటును ఒక్క ముక్కలో తేల్చేయడం అలవాటైపోయింది. మన టీవీ చర్చల్లోనూ అదే ధోరణి. జాతి ప్రభావం అసలే లేదని మేమనడం లేదు. 2012 నాటికే ఒబామా ఆధిక్యం రెండున్నర శాతానికి పడిపోయింది. కానీ మొదటిసారి ఒబామాను అంత మెజారిటీతో గెలిపించిన ఊళ్లను ఆ ఒక్క మాటతో కొట్టిపారేయడం అన్యాయం.

అక్కడి పాత ఓటు వెనక పొగాకు ఉంది. ఎలియట్ రైతులు పండించేది బర్లీ అనే పొగాకు రకం. మొక్కను మొదలంటా నరికి, చెక్క కొట్టాల్లో దూలాలకు వేలాడదీసి వారాల తరబడి గాలికి ఆరనిస్తారు. చలికాలంలో ఇంటిల్లిపాదీ కూర్చుని ఆకు వలిచి వేలానికి తోలేవారు. 1930లలో రూజ్‌వెల్ట్ హయాంలో మొదలైన కోటా పద్ధతి (ఎవరెంత పండించాలో ప్రభుత్వమే నిర్ణయించడం) ఆ ఆకుకు కనీస ధర ఇచ్చేది. రెండు మూడెకరాల రైతుకు కూడా పిల్లల ఫీజులకు, క్రిస్మస్ ఖర్చులకు చేతిలో డబ్బు ఆడేది. 2004లో అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ ఆ కోటాను రద్దు చేసింది. బదులుగా పదేళ్లపాటు వాయిదాల్లో పరిహారం ఇచ్చారు. అది 2014తో ఆగిపోయింది. 2025లో నల్లబర్లీ కొనే నాథుడు లేక ప్రకాశం, బాపట్ల జిల్లాల రైతులు పడిన టెన్షన్ చూసినవాళ్లకు ఇదేమిటో విడమరిచి చెప్పనక్కర్లేదు. ఇక్కడ ప్రభుత్వం మార్క్‌ఫెడ్‌ను రంగంలోకి దించింది. కెంటకీ కొండల్లో ఆ పని చేసే దిక్కు లేకపోయింది.

2015 డిసెంబరులో దగ్గర్లోని ఆష్‌లాండ్ ఉక్కు కర్మాగారం బ్లాస్ట్ ఫర్నేస్ ఆరిపోయింది. మూడు నెలలకే డెమొక్రాట్ల అధ్యక్ష అభ్యర్థిత్వానికి పోటీపడుతున్న హిల్లరీ క్లింటన్ ఒహాయోలో మాట్లాడుతూ బొగ్గు కార్మికులు చాలామందికి పని పోతుందన్నారు. కొత్త ఉపాధి చూపిస్తామనీ అన్నారు గానీ, అది ఎవరి చెవికీ ఎక్కలేదు.

అయినా ఎలియట్ జనం పార్టీని గుడ్డిగా మార్చేయలేదు. ట్రంప్‌ను గెలిపించిన 2016లోనే కౌంటీ కేంద్రమైన శాండీ హుక్‌కు చెందిన డెమొక్రాట్ రాకీ ఆడ్కిన్స్ మళ్లీ రాష్ట్ర ప్రతినిధుల సభకు ఎన్నికయ్యారు. 2019 గవర్నర్ ఎన్నికలోనూ అక్కడ డెమొక్రాట్ ఆండీ బెషీర్‌కే మెజారిటీ. కెంటకీలో పార్టీ సభ్యుడిగా నమోదైనవారికే ఆ పార్టీ ప్రైమరీలో, అంటే అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, ఓటుంటుంది. షెరీఫ్ ఎవరు, కౌంటీ పెద్ద ఎవరన్నది మే నెల డెమొక్రాటిక్ ప్రైమరీలోనే తేలిపోయే చోట, ఆ పార్టీ నమోదు వదులుకుంటే ఊరి వ్యవహారంలో మాట పోతుంది. అందుకే వాషింగ్టన్‌కు ఒక ఓటు, ఊరికి మరో ఓటు. తమ గడప తొక్కినవాణ్ని వాళ్లు పార్టీ గుర్తు చూసి కాదనలేదు.

ఆ గడప తొక్కడమే డెమొక్రాట్ల జాతీయ నాయకత్వం మానేసింది. గెలవలేని చోట డబ్బు దండగ అన్న లెక్క వాళ్లది. మా దృష్టిలో అదే అసలు తప్పు. అటు రిపబ్లికన్లు ఏం చేశారు? 2025 జులైలో ట్రంప్ సంతకం చేసిన చట్టం పేదల వైద్య బీమా అయిన మెడికెయిడ్‌కు కోత పెట్టింది, పని చేస్తున్నట్టు రుజువు చూపాలన్న షరతూ పెట్టింది. కెంటకీలో దాదాపు మూడో వంతు జనం ఆ బీమా మీదే ఉన్నారు. ఏడాదిలో కొన్ని నెలలే పని దొరికే పొలం కూలీ ఆ కాగితాలు ఎక్కణ్నుంచి తేవాలి? ఎలాగూ మనకే వేస్తారన్న ధీమా ఉన్నంతకాలం ఏ పార్టీ అయినా ఈ ప్రశ్నను దాటేస్తుంది.

1984 నుంచి గెలుస్తూ వచ్చిన కెంటకీ రిపబ్లికన్ సెనేటర్ మిచ్ మెకానెల్ 2026 సెనేట్ ఎన్నికలో పోటీ చేయడం లేదు. ఆ స్థానానికి పోటీపడే రెండు పార్టీల వాళ్లూ టీవీ ప్రకటనలతో సరిపెట్టకుండా శాండీ హుక్ దాకా వెళ్లాలి. బీమా కోతకు ఎవరు జవాబుదారీయో, పొగాకు పోయిన పొలాల్లో ఏం పండించమంటారో అక్కడి జనం ముందు నిలబడి చెప్పాలి.