రోహిణి ఎండ పాతదే, ఈ రాత్రులు పాతవి కావు

ఎండాకాలం మొదలవగానే మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ తిరుగుతుంది. సారాంశం ఇది: "హైదరాబాద్‌లో వాతావరణం మారిందన్నది వట్టి ప్రచారం. 1966లోనే 45.5 డిగ్రీలు కాసింది. 1908లోనే మూసీ ఊరిని ముంచింది. రోహిణిలో రోళ్లు పగులుతాయని పెద్దలే అన్నారు. జనం ఏసీలకు మరిగి ఎండకు ఓర్చుకోలేకపోతున్నారు, అంతే." చదివినవాళ్లు అవునవునంటూ పదిమందికి పంపుతున్నారు. అందుకే ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

1966 జూన్ 2న 45.5 డిగ్రీలు నమోదైన మాట నిజమే. అది ఒక్క రోజు లెక్క. ఇంత ఎండ ఎన్నడూ లేదనేవాళ్లు మనలో ఉన్నారు, ఆ మాట తప్పని నేనూ ఒప్పుకుంటాను. అయితే నేను విన్నంతలో ఎక్కువమంది బాధ రాత్రుల గురించే. మన ఊరు సముద్రమట్టానికి 500 మీటర్ల పైన, పీఠభూమి మీద ఉంది. పొద్దుగూకితే చల్లగాలి తిరగాలి. మా చిన్నప్పుడు సాయంత్రం డాబా మీద నాలుగు బకెట్ల నీళ్లు కొట్టి, తొమ్మిదికల్లా చాపలు పరిచేవాళ్లం. తెల్లారుజామున దుప్పటి వెతుక్కునేవాళ్లం. ఇప్పుడు అదే డాబా కింది గదిలో రాత్రి పదకొండుకు గోడ మీద చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. కుళాయి తిప్పితే ట్యాంకు నీళ్లు స్నానానికి కాచినట్టు వస్తాయి. కాంక్రీటు పగలంతా మింగిన వేడిని రాత్రి కక్కుతుంది. చెరువులు పూడ్చి, చెట్లు కొట్టి మనం తెచ్చుకున్న వేడి కొంత, భూమి మొత్తం వేడెక్కడం వల్ల వచ్చింది కొంత. ఒంటికి రెండూ కలిసే తగులుతాయి.

ఇక సామెత. రోహిణి కార్తె మే చివర్లో వస్తుంది, వెంటనే మృగశిర, తొలి చినుకు, చేపల కూర. పెద్దలు చెప్పింది ఆ రెండు వారాల మంట గురించి. శివరాత్రి దాటీ దాటకముందే కూలర్లు దించాల్సి వస్తోందని జనం అంటుంటే దానికి ఈ సామెత జవాబెలా అవుతుంది?

1908 సెప్టెంబరు వరదలో వేలమంది పోయారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూటయాభైమంది దాకా బతికారని ఇప్పటికీ చెప్పుకుంటాం. కానీ అప్పటివాళ్లు వరదలు మామూలేనని ఊరుకోలేదు. విశ్వేశ్వరయ్యను పిలిపించారు, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ కట్టారు. 2020 అక్టోబరులో ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులో 30 సెంటీమీటర్లు దాటి వాన పడింది. నాలాలు ఆక్రమించి, చెరువుల్లో ఇళ్లు కట్టాం కాబట్టి కాలనీలు మునిగాయి, అందులో మన తప్పు ఉంది. ఆ ఒక్క వానకు భూతాపమే కారణమని నేను అనను. కానీ గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదు. కురిస్తే ఒక్కసారే కుమ్మరించడానికి అదొక కారణం.

ఏసీల మాట చదివితే మాత్రం కోపం వస్తుంది. మా వీధి మొదట్లో ఇస్త్రీ బండి పెట్టుకునే ఆమెకు ఏసీ గాలి ఎలా ఉంటుందో తెలియదు. ఉండేది రేకుల గదిలో. ఇదివరకు ఒంటిగంట దాకా ఇస్త్రీ చేసేది. ఇప్పుడు మార్చి నుంచే పదకొండింటికి బొగ్గులు ఆర్పేసి, మళ్లీ చీకటి పడ్డాకే బండి దగ్గరికి వస్తోంది. ఆ మధ్యలో పోయిన సంపాదన పోయినట్టే. "పగటి ఎండకేం గాదు సార్, రాత్రి రేకులు సల్లబడతలేవు" అంటుంది. ఏసీకి మరిగిన మనిషి మాటేనా ఇది?

పైకప్పులకు తెల్లపూత వేయించేందుకు 2023లో రాష్ట్ర ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం తెచ్చింది. అది చదివాక నలుగురం డబ్బులేసుకుని ఆమె రేకుల మీద సున్నం కొట్టించాం. మధ్యాహ్నం పిల్ల లోపల పడుకోగలుగుతోందట. రాత్రికి మంచం ఇంకా బయటే వేస్తున్నారు.