డాన్స్ క్లాసుల భద్రతను ఎవరు తనిఖీ చేయాలి?

కోచింగ్ సెంటర్ల నియంత్రణకు కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. ఒక్కో విద్యార్థికి కనీసం చదరపు మీటరు చోటు, అగ్నిమాపక నిబంధనలు, భవన భద్రత, ప్రథమ చికిత్స పెట్టె అన్నీ అందులో ఉన్నాయి. అయితే కోచింగ్ అంటే ఏమిటో నిర్వచించిన చోటే క్రీడలు, నాట్యం, నాటకం వంటివి దాని కిందికి రావని రాశారు. అంటే విజయవాడ మొగల్రాజపురంలోనో గుంటూరు బ్రాడీపేటలోనో ఒకే కాంప్లెక్సులో రెండో అంతస్తులోని ఎంట్రన్స్ కోచింగ్‌కు వర్తించే జాగ్రత్త, మూడో అంతస్తులో ఆరేళ్ల పిల్లలు గజ్జెలు కట్టుకుని అడుగులేసే క్లాసుకు వర్తించదు.

అలాగని చట్టంలో ఏమీ లేదనుకోకూడదు. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం కింద వచ్చిన 2020 నిబంధనల ప్రకారం పిల్లలతో నిత్యం మెలిగే ఏ సంస్థయినా తన సిబ్బందికి నిర్ణీత కాలానికోసారి పోలీసు వెరిఫికేషన్ చేయించాలి, పిల్లల భద్రతపై శిక్షణ ఇప్పించాలి. బడులు, శిశు సంరక్షణ కేంద్రాలు, క్రీడా అకాడమీలతో పాటు ‘పిల్లల కోసం నడిచే మరే కేంద్రమైనా’ అని ఆ నిబంధన స్పష్టంగా చెబుతోంది. డాన్స్ క్లాసు అందులోకే వస్తుంది. టీచరుకే కాదు, మృదంగం వాయించే వారికి, సౌండ్ చూసుకునే కుర్రాడికి, ఊడ్చే ఆయాకు కూడా ఇది వర్తిస్తుంది. నిబంధన ఉన్నా దాన్ని అడిగే అధికారి లేడు. అడగాలని తల్లిదండ్రులకూ తెలియదు.

అందుకే పిల్లల డాన్స్ టీచర్లకు, స్టూడియోలకు విడిగా భద్రతా సర్టిఫికెట్ ఉండాలంటున్నాం. మన దగ్గర కూచిపూడి సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులున్నాయి. అవి టీచరుకు అడుగులు, జతులు, అభినయం ఎంతవరకు వచ్చో చెబుతాయి. ఎదిగే పిల్లల మోకాలి గురించి, గది తలుపు గురించి, మెట్ల దారి గురించి వాటిలో ఒక్క మాటా ఉండదు. సినిమా డాన్స్, వెస్టర్న్ నేర్పే వారికైతే ఆ మాత్రం పరీక్ష కూడా లేదు.

సర్టిఫికెట్ అనగానే అందరి దృష్టీ పోలీసు వెరిఫికేషన్ మీదికే పోతుంది. అది కావాలి, కానీ దాని పరిధి చిన్నది. గతంలో కేసు నమోదైతేనే అది బయటపడుతుంది. పిల్లల మీద జరిగే అఘాయిత్యాల్లో చాలావరకు పోలీసుల దాకా వెళ్లవు కనుక, శుభ్రమైన రికార్డు ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండలేం. పిల్లలను ఎక్కువగా కాపాడేది గది అమరిక, రోజువారీ నియమాలు. క్లాసు తలుపుకు అద్దం ఉండాలి, లేదా తలుపు తీసి ఉంచాలి. పోటీకి ముందు ఇచ్చే ఎక్స్‌ట్రా క్లాసైనా ఒక్క పిల్లతో ఒక్క టీచరు మూసిన గదిలో ఉండకూడదు. మెసేజీలు తల్లిదండ్రులున్న వాట్సాప్ గ్రూపులోనే పెట్టాలి, పిల్లల ఫోనుకు నేరుగా పంపకూడదు. టీచరు బండి మీద ఇంటి దగ్గర దింపడాలు మానేయాలి. వలలో వేసుకునేవాడు మొదట చేసేవి ఇవే: ప్రత్యేక శ్రద్ధ, కానుక, రాత్రిపూట మెసేజీ, ‘ఇంట్లో చెప్పకు’ అనే చిన్న రహస్యం.

నాట్యంలో ముట్టుకోకుండా దిద్దడం కష్టమన్నది నిజమే. చెయ్యి ఎత్తు, నడుము నిలువు మాటలతో చెబితే చాలామంది పిల్లలకు అందదు. దానికి పద్ధతి ఉంది. ముందు తాను చేసి చూపాలి, తర్వాత అద్దంలో చూపాలి, అప్పటికీ రాకపోతే ‘మోచెయ్యి పట్టుకోనా’ అని అడిగి, అందరి ముందూ, మోచేతినో భుజాన్నో మాత్రమే తాకాలి. తట్టుకర్ర తాళం వేయడానికే ఉండాలి. అది పిల్ల పిక్క మీద పడితే బాల న్యాయ చట్టం 75వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు పడే నేరం కావచ్చు. గురుభక్తి పేరుతో దాన్ని వెనకేసుకు రావడం ఇకనైనా ఆగాలి.

ఏదైనా జరిగిందని పిల్ల చెప్పినప్పుడు ఏం చేయాలన్నది శిక్షణలో తప్పనిసరి పాఠం. టీచరు విచారణ చేయకూడదు, పదేపదే చెప్పించకూడదు, ఆరోపణ వచ్చిన వ్యక్తిని పిలిచి ఎదురెదురుగా కూర్చోబెట్టకూడదు. పిల్ల అన్న మాటలు అన్నట్టుగానే తేదీ, సమయంతో రాసిపెట్టి పోలీసులకు చెప్పాలి. 1098, 112 నంబర్లు ఉండనే ఉన్నాయి. పోక్సో 19వ సెక్షన్ ప్రకారం ఇది బాధ్యత. చెప్పకపోతే ఆరు నెలల వరకు, సంస్థ నడిపేవారే దాచితే ఏడాది వరకు శిక్ష పడొచ్చు. పరువు పోతుందని పెద్దమనుషుల్లో పెట్టి సర్దుబాటు చేసే అలవాటు మన ఊళ్లలో ఇంకా బలంగానే ఉంది కాబట్టి, ఈ సెక్షన్ నంబరు టీచర్లకు కంఠతా రావాలి. 2023లో చెన్నైలోని కళాక్షేత్ర నాట్య సంస్థ విద్యార్థులు వేధింపులపై నిరసనకు దిగినప్పుడు, పేరున్న సంస్థ అయినంత మాత్రాన రక్షణ దానంతట అది రాదని దేశమంతా చూసింది.

ఇక శరీరం సంగతి. మన క్లాసుల్లో అతి తక్కువగా పట్టించుకునేది ఇదే. అరమండిలో, అంటే మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చున్న భంగిమలో, ఉన్న పిల్లను ఎదురుగా నిలబడి చూడండి. మోకాలి చిప్ప కాలి రెండో వేలి మీదుగా ఉండాలి. పాదాలు బాగా పక్కలకు తిరిగి, మోకాళ్లు మాత్రం ముందుకు పడుతుంటే ఆ తిరుగుడు తుంటి కీలు నుంచి రావడం లేదు, మోకాలు, చీలమండ మెలిపడి వస్తోంది. పాదాలను కాస్త లోపలికి తెస్తే సరిపోతుంది. కానీ వరుసంతా ఒకేలా కనపడాలని టీచరు తన కాలితో పిల్ల పాదాన్ని బయటికి నెట్టడం, భుజాలు పట్టి కిందికి అదమడం తరచూ జరుగుతుంది. తుంటి కీలు ఎంత తిరుగుతుందన్నది చాలావరకు ఎముక నిర్మాణాన్ని బట్టి ఉంటుంది. నొక్కితే పెరిగేది కాదు.

ఎనిమిది నుంచి పద్నాలుగేళ్ల దాకా ఎముకల చివర్లలో ఎదుగుదల జరుగుతూ ఉంటుంది. గట్టిగా తట్టే అడుగులు ఎక్కువైతే మడమ వెనుక భాగంలోనూ, మోకాలి చిప్పకు దిగువనున్న ఎముక బుడిపె దగ్గరా నొప్పి మొదలవుతుంది. మడమను రెండు పక్కల నుంచి మెల్లగా నొక్కినప్పుడు పిల్ల కాలు లాక్కుంటే ఆ వారం తట్టడుగులు ఆపి హస్తాలు, అభినయం చెప్పొచ్చు. కుంటుతున్నా, రాత్రి నొప్పితో నిద్ర లేస్తున్నా, ముంగాలి (మోకాలి కింద ముందువైపు) ఎముక మీద ఒకే చోట వేలు పెడితే చురుక్కుమంటున్నా ఎముకల డాక్టరుకు చూపించాలి. ‘మొదట్లో అందరికీ ఉంటుందిలే’ అన్న మాటతోనే చిన్న పగులు పెద్దదవుతుంది.

దీనికి ఒక ముఖ్య కారణం నేల. సిమెంటు స్లాబు మీద అతికించిన గ్రానైట్, టైల్స్ కొంచెం కూడా ఒదగవు. అడుగు దెబ్బంతా మడమకీ ముంగాలికే తిరిగొస్తుంది. తక్కువ ఖర్చులో పరిష్కారం ఉంది. స్లాబు మీద ఒక్కో అడుగు ఎడంతో గట్టి రబ్బరు ముక్కలు పేర్చి, వాటి మీద తేమకు తట్టుకునే 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ రెండు పొరలుగా వేయాలి. పై పొర అతుకులు కింది పొర అతుకుల మీద పడకుండా చూసి స్క్రూలతో బిగించాలి. చుట్టూ గోడ దగ్గర సెంటీమీటరు ఖాళీ వదలాలి, లేకపోతే వానాకాలం తేమకు ప్లైవుడ్ ఉబ్బి మధ్యలో లేస్తుంది. కొందరు దీనికి బదులు రంగురంగుల ఫోమ్ మ్యాట్లు పరుస్తారు. అవి ఇంకా ప్రమాదం. పాదం దిగబడుతుంది, తిరిగేటప్పుడు అతుకు జరుగుతుంది, చీలమండ మడతపడుతుంది.

వేసవి శిబిరాల గురించి గట్టిగానే చెప్పాలి. బెజవాడ ఎండలు మే నెలలో 45 డిగ్రీలు తాకే రోజులున్నాయి. ఆ నెలలోనే మేడమీద రేకుల షెడ్డులో కొత్త బ్యాచ్‌లు మొదలవుతాయి. ఉదయం ఎనిమిదిన్నరకల్లా క్లాసు ముగించాలి, ప్రతి 20 నిమిషాలకు నీళ్లు తాగించాలి. పిల్ల తూలుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా అది వడదెబ్బే అనుకుని 108కి ఫోను చేయాలి. బండి వచ్చేలోపు నీడలో పడుకోబెట్టి ఒళ్లంతా తడిపి విసరాలి. తెలివిలో లేని పిల్ల నోట్లో ఓఆర్ఎస్ పోయకూడదు.

2019 మే 24న సూరత్‌లో ఒక వాణిజ్య భవనం పైఅంతస్తులోని కోచింగ్ సెంటర్‌లో మంటలు రేగి 22 మంది విద్యార్థులు చనిపోయారు. మన కాంప్లెక్సుల్లో మూడో అంతస్తుకు వెళ్లే ఒకే ఒక మెట్ల దారిని ఒకసారి చూడండి. కింద ఇన్వర్టర్ బ్యాటరీలు, పక్కన కరెంటు మీటర్లు, మెట్ల మీద నలభై జతల చెప్పులు, పైన సగం దించిన రోలింగ్ షట్టర్, కిటికీలకు ఇనుప గ్రిల్లు. చెప్పులకు గది లోపలే అల్మరా పెట్టించడం, మీటర్ల దగ్గర నుంచి బ్యాటరీలు తీసేయడం, ఒక గ్రిల్లును లోపలి నుంచి తెరుచుకునేలా మార్చడం ఒక్క వారంలో అయ్యే పనులు. సెల్లార్లలో క్లాసులైతే అసలే వద్దు. 2024 జులైలో ఢిల్లీలో కోచింగ్ సెంటర్ సెల్లారులోకి వరద నీరు చేరి ముగ్గురు చనిపోయారు. అదే ఏడాది సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడలో మన ఇళ్లలోకే వచ్చింది.

ఈ సర్టిఫికెట్ ఇవ్వడానికి కొత్త సంస్థ అక్కర్లేదు. విజయవాడలోని ఘంటసాల ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల రెండు రోజుల శిక్షణ ఇవ్వగలదు. ఒక రోజు బాలల రక్షణకు, మరో రోజు శరీరం, ప్రథమ చికిత్స, గుండె ఆగితే ఛాతీ నొక్కడం బొమ్మ మీద చేయించడానికి. రాత పరీక్ష ఒక్కటే సరిపోదు, చేసి చూపించాలి. స్టూడియో తనిఖీని కార్పొరేషన్లు ఇచ్చే ట్రేడ్ లైసెన్సుకు ముడిపెట్టాలి. ఇంటి హాల్లో పదిమందికి నేర్పే టీచరుకు ఫీజు నామమాత్రంగా ఉండాలి, లేదంటే వాళ్లు లెక్కల్లోకే రారు.

వ్యక్తికి ఇచ్చే పత్రం, చోటుకు ఇచ్చే పత్రం వేర్వేరుగా ఉండాలి. శిక్షణ పొందిన టీచరు మానేసి వెళ్లిపోయినా గోడ మీద ఫ్రేము అలాగే ఉండిపోవడం ఇలాంటి పథకాల్లో ఎప్పుడూ జరిగేదే. గుమ్మం దగ్గర బోర్డు మీద ఎంతమంది పిల్లలకు అనుమతో, పత్రం గడువు ఎప్పటిదాకానో, ఫిర్యాదుకు ఏ నంబరో రాసి ఉండాలి. గడువు దాటితే కొత్త అడ్మిషన్లు ఆపి, 30 రోజుల్లో లోపాలు సరిచేసుకోనివ్వాలి. మెట్ల దారి మూసుకుపోయిన చోట, వెరిఫికేషన్ లేని మనిషి పిల్లలతో ఉన్న చోట మాత్రం ఆ రోజే క్లాసు ఆగాలి.