ప్రాణాలు కాపాడే పాఠం ఐచ్ఛికమా?

కెమికల్ ఇంజినీరింగ్ డిగ్రీ పాఠ్యప్రణాళికను ఆధునికీకరించే పేరుతో ప్రాసెస్ సేఫ్టీని (కర్మాగారంలో పేలుళ్లు, మంటలు, విషవాయువుల లీకులు జరగకుండా చూసుకోవడం నేర్పే సబ్జెక్టును) తప్పనిసరి సబ్జెక్టుల్లోంచి తప్పించి ఐచ్ఛికాల్లోకి నెట్టడం, స్వేదనం, పంపింగ్ వంటి పనులను చేతులతో చేయించే యూనిట్ ఆపరేషన్స్ ప్రయోగశాల గంటలకు కోతపెట్టి కంప్యూటర్ సిమ్యులేషన్‌తో సరిపెట్టడం ఎక్కడ జరిగినా ఖండించాల్సిన పనులే. కర్మాగారంలో పేలుడు జరిగిన ప్రతిసారీ సిబ్బందికి ప్రమాదంపై అవగాహన లేదని విచారణ నివేదికలు తేలుస్తాయి. ఆ అవగాహన కల్పించాల్సిన డిగ్రీయేమో దాన్ని ఇష్టమైతే చదువుకోమంటుంది. ఇది ద్వంద్వనీతి కాక మరేమిటి?

2007 డిసెంబర్ 19న అమెరికాలోని జాక్సన్‌విల్‌లో టీ2 లేబొరేటరీస్ అనే చిన్న కర్మాగారంలో జరిగిన పేలుడు గురించి పాఠ్యప్రణాళికలు రాసేవారు మరొక్కసారి చదవాలి. పెట్రోల్‌లో కలిపే ఒక రసాయనాన్ని అక్కడ బ్యాచ్‌ల వారీగా తయారుచేసేవారు. మొదటి పది బ్యాచ్‌లలో మూడింటిలో ఉష్ణోగ్రత అనుకోని విధంగా ఎగబాకింది. అయినా 42వ బ్యాచ్ నుంచి పరిమాణాన్ని మూడో వంతు పెంచారు. 175వ బ్యాచ్ నాడు రియాక్టర్‌ను, అంటే రసాయన చర్య జరిగే పాత్రను చల్లబరిచే ఏర్పాటు విఫలమైంది; దానికి ప్రత్యామ్నాయం లేదు. ఉష్ణోగ్రత దాదాపు 200 డిగ్రీల సెల్సియస్‌కు చేరేసరికి సోడియం లోహం ద్రావణిగా వాడిన డైగ్లైమ్‌తోనే చర్య జరపడం మొదలుపెట్టింది. నలుగురు మరణించారు, 32 మంది గాయపడ్డారు. మృతుల్లో సంస్థ సహయజమాని అయిన కెమికల్ ఇంజినీర్ కూడా ఉన్నారు.  చర్య అదుపు తప్పగలదన్న సంగతినే ఆ సంస్థ గుర్తించలేదని అమెరికా రసాయన భద్రతా మండలి 2009లో తేల్చింది. లోపం ఎక్కడ మొదలైందో వెతుకుతూ ఆ మండలి తరగతి గది దాకా వెళ్లింది. రసాయన చర్యల వల్ల కలిగే ప్రమాదాలను డిగ్రీ పాఠ్యాంశాల్లో చేర్చాలని సిఫారసు చేసింది. ఆ తర్వాతే అక్కడి కోర్సుల గుర్తింపు నిబంధనల్లోకి ఈ అంశం వచ్చింది. నాలుగు ప్రాణాలు పోయాక వచ్చిన పాఠమది.

ఇందులో అర్థంకాని శాస్త్రమేమీ లేదు. పాత్ర కొలతలన్నీ పది రెట్లు పెరిగితే లోపలి ద్రవం వెయ్యి రెట్లవుతుంది, వేడి బయటికి పోవాల్సిన గోడల వైశాల్యం మాత్రం వంద రెట్లే అవుతుంది. ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ చర్య వేగం, దాంతో పుట్టే వేడి ఘాతీయంగా పెరుగుతాయి; పాత్ర చుట్టూ ఉండే జాకెట్‌లోని నీరు లాక్కుపోయే వేడి ఉష్ణోగ్రతల తేడాకు అనులోమంగానే పెరుగుతుంది. ఈ రెండింటినీ చూపే రేఖలను ప్రతి విద్యార్థీ పరీక్షలో గీసి మార్కులు తెచ్చుకుంటున్నాడు. శీతలీకరణ నీరు ఆగిపోతే చేతిలో ఎన్ని నిమిషాలుంటాయో, ఆ నిమిషాల్లో ఏం చేయాలో మాత్రం అతణ్ని ఎవరూ అడగడం లేదు. సమీకరణం తప్పనిసరి, దాని పర్యవసానం ఐచ్ఛికం!

ప్రయోగశాల విషయంలోనూ ఇదే తీరు. డిస్టిలేషన్ (స్వేదనం) కాలమ్ అడుగున ద్రవాన్ని మరిగించే రీబాయిలర్‌కు ఆవిరి కాస్త ఎక్కువ వదిలితే కాలమ్ లోపలి ట్రేల మీద ద్రవం కిందికి దిగకుండా నురగకట్టి పొంగుతుంది, పీడనాన్ని కొలిచే మానోమీటర్‌లో మట్టం ఒక్కసారిగా లేస్తుంది. పంపుకు ద్రవం వచ్చే వాల్వును మెల్లగా మూస్తే లోపల గులకరాళ్లు కొట్టుకుంటున్నట్టు చప్పుడవుతుంది. ఒకసారి చెవిన పడితే ఆ చప్పుడును ఎవరూ మరిచిపోరు. రేపు కర్మాగారంలో రాత్రి షిఫ్టులో పంపును ఆపించేదీ ఆ జ్ఞాపకమే. సిమ్యులేషన్ తెర మీద మాత్రం లెక్క కుదిరిందన్న సందేశం వస్తుంది, విద్యార్థి ఇంటికి వెళ్లిపోతాడు. 2020లో మహమ్మారి కారణంగా ప్రయోగశాలలు మూతపడ్డప్పుడు గత్యంతరం లేక చేసిన ఏర్పాటును ఇప్పుడు ఖర్చు తగ్గుతుందని కొనసాగించాలనుకోవడం క్షమించరానిది.

డేటా సైన్స్, బ్యాటరీల వంటి కొత్త అంశాలకు చోటు కావాలని, పరికరాల నిర్వహణ భారమవుతోందని పాఠ్యప్రణాళికల సవరణను సమర్థించేవారు అంటున్నారు. కొత్త సబ్జెక్టులు రావాల్సిందే. కానీ చోటు కోసం కోత పడేది ఎప్పుడూ భద్రత మీదే ఎందుకు? బ్యాటరీలోనూ వేడి అదుపు తప్పుతుందని, అక్కడా ఇదే పాఠం అవసరమని వారికి తెలియదా?

1984 డిసెంబర్ 2-3 రాత్రి భోపాల్‌లో మిథైల్ ఐసోసయనేట్ అనే విష రసాయనం ఉన్న ట్యాంకులోకి నీరు చేరినప్పుడు దాన్ని చల్లగా ఉంచాల్సిన యంత్రం నెలల క్రితమే ఆగిపోయి ఉంది. వాయువును కాల్చివేయాల్సిన ఫ్లేర్ టవర్ పనిచేసే స్థితిలో లేదు. ఏ రక్షణ ఎందుకుందో తెలిసినవారు దాన్ని ఆపేయడానికి ఒప్పుకోరు. ఆ 'ఎందుకు'ను నేర్పే సబ్జెక్టే ప్రాసెస్ సేఫ్టీ. ఏటా డిసెంబర్‌లో భోపాల్ మృతులకు నివాళులర్పించి, జూన్‌లో అదే సబ్జెక్టును జాబితాలోంచి కొట్టేసే విభాగాలకు ఆ నివాళి అర్పించే నైతిక హక్కు లేదు.

ప్రాసెస్ సేఫ్టీని తప్పనిసరి సబ్జెక్టుగా కొనసాగించాలి. తప్పించినచోట వచ్చే విద్యా సంవత్సరానికల్లా తిరిగి చేర్చాలి. ప్రయోగశాల గంటలను పునరుద్ధరించాలి. ప్రాసెస్ సేఫ్టీని ఐచ్ఛికం చేసిన తీర్మానంపై సంతకం పెట్టిన ఆచార్యులు రేపు ఏ విచారణ సంఘంలోనైనా నిపుణులుగా కూర్చుని, సిబ్బందికి అవగాహన లేదని రాయబోయే ముందు ఆ సంతకాన్ని గుర్తుచేసుకోవాలి.