మాస్టర్ ప్లాన్ గారికి, శివారు నుంచి

మాస్టర్ ప్లాన్ గారికి నమస్కారం.

మిమ్మల్ని మళ్లీ సవరిస్తున్నారని తెలిసి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. వచ్చే ఇరవై ఏళ్లలో ఊరు ఎటు పెరగాలో చెప్పడం మీ ఉద్యోగం, ఊరేమో మిమ్మల్ని అడక్కుండానే పెరిగిపోయింది. అపార్ట్‌మెంట్లు వచ్చేశాయి, వాటి వెనకే నీళ్ల ట్యాంకర్లు, ట్రాఫిక్ వచ్చేశాయి, ఇప్పుడు మీరు తీరిగ్గా వచ్చి ఆ జాగాకు పసుపు రంగు పూసి "ఇది నివాస ప్రాంతం" అంటున్నారు. పిల్లలు బడికెళ్తున్నాక శుభలేఖలు అచ్చు వేయించినట్టుంది.

మీ పటం మాత్రం కన్నులపండువే. ఇళ్లకు పసుపు, దుకాణాలకు నీలం, ఫ్యాక్టరీలకు ఊదా, పార్కులకు ఆకుపచ్చ. ఆ ఆకుపచ్చలో సగం శ్మశానం, వరద కాలువ గట్టు, హైటెన్షన్ తీగల కింద నేల అని అక్కడికెళ్లి నిలబడితే గానీ తెలియదు. మధ్యలో చుక్కల గీత ఒకటి, "ప్రతిపాదిత రోడ్డు". కాగితం మీద సన్నగా, అమాయకంగా ఉంటుంది. నేల మీదికొచ్చేసరికి ఒకరి వంటగదిలో దూరి పక్కింటి బాత్‌రూంలోంచి బయటికొస్తుంది. ఆ ఇంటాయనకు ఈ సంగతి ఇల్లు అమ్మబోయే రోజున తెలుస్తుంది. స్థలాల బ్రోకర్లకు మాత్రం మీ ముసాయిదా ఇంకు ఆరకముందే తెలుస్తుంది, ఎలాగో మీరే సెలవివ్వాలి.

మీది పెద్ద వంశమే లెండి. అమెరికాలో యూక్లిడ్ అనే శివారు ఊరు ఇలా ఇళ్లొకచోట, దుకాణాలొకచోట అని గీతలు గీస్తే, అది చెల్లుతుందని 1926లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. విడి ఇళ్ల మధ్య కట్టే అపార్ట్‌మెంట్‌ను ఆ తీర్పులోనే పరాన్నజీవి అన్నారు! అప్పట్నుంచీ మీ వంశం పుణ్యమా అని దుకాణాలు ఇళ్లకు దూరమై పెన్సిల్ కొనాలన్నా కారు తీయాలి, ఆ కారు పెట్టడానికి ప్రతి భవనానికీ ఇన్ని పార్కింగ్ జాగాలని మళ్లీ మీరే షరతు పెడతారు. అమెరికాలోనే బఫెలో నగరం 2017లో ఆ షరతు ఎత్తేసింది. అక్కడిదే మినియాపొలిస్ నగరం 2018లో ఆమోదించిన ప్లాన్‌లో, ఒక్క ఇల్లే కట్టాలన్న స్థలాల్లో మూడు కుటుంబాల దాకా ఉండేలా కట్టుకోవచ్చని రాసుకుంది. చుట్టాలు మారుతున్నారు, మీకింకా కబురు అందినట్టు లేదు.

అభ్యంతరాలు చెప్పుకోమన్నారు, సంతోషం. కాకపోతే సమావేశం పనిరోజు మధ్యాహ్నం పెట్టారు, గోడ మీది పటంలో మా వీధి వెతకడానికి భూతద్దం కావాలి, ఫారంలో అభ్యంతరానికి ఇచ్చింది రెండు లైన్లు. ఏం చెప్పినా "పరిశీలిస్తాం". రేపు ఈ ఊరికి రాబోయేవాళ్లు ఆ హాల్లో ఎలాగూ ఉండరు, ఉన్నవాళ్లమేమో మా తర్వాత ఇంకెవరూ రాకూడదని గట్టిగా మాట్లాడి, బయట కార్లు కదలక హారన్లు కొట్టుకుంటూ ఇళ్లకు చేరాం.

ఈసారికి ఒక్క పని చేసిపెట్టండి. ఏ జాగాలో ఎన్ని ఇళ్లకు అనుమతి ఇస్తున్నారో, వాటికి ఎన్ని నీళ్లు కావాలో, మురుగు పైపు ఎంత లావుండాలో, ఆ పైపు డబ్బులు ఎవరిస్తారో ఒకే పేజీలో పక్కపక్కన రాయండి. రంగులు తర్వాత పూసుకోవచ్చు. అది కూడా కుదరదంటే, "ప్రత్యేక సందర్భంగా భావించి" అంటూ మీరిచ్చిన మినహాయింపులన్నీ కుట్టి పుస్తకం చేసి, దాన్నే మాస్టర్ ప్లాన్‌గా ఆమోదించేయండి. ఊరు కట్టింది ఎలాగూ దాని ప్రకారమే.

ఇట్లు,
ఒక శివారు వాసి