పై లెక్క

ఏటికొప్పాకలో అంకుడు కర్ర లేతు మీద తిరుగుతూ లక్క పూసుకుని, మొగలాకు రాసేసరికి అద్దంలా మెరవడం చూసొచ్చాక నా బుర్ర కూడా తిరిగింది. రిటైర్మెంటు డబ్బుల్లోంచి తీసి చిన్న లేతు కొన్నాను. అంకుడు దొరకలేదు. గిన్నెలకి వేప బావుంటుందన్నారు. శుక్రవారం పొద్దున్నే కట్టెల అడితికి పోయాను.

అడితి ఆయన నాలుగడుగుల పచ్చి వేపదుంగ చూపించి, దాని చుట్టూ టేపు తిప్పి, "నలభయ్యెనిమిది అంగుళాలు" అన్నాడు. అందులో నాలుగోవంతు పన్నెండు. పన్నెండు పన్నెండులు నూటనలభై నాలుగు, అంటే చదరపు అడుగు. పొడవు నాలుగు, అంటే నాలుగు ఘనపు అడుగులు. "నాలుగు సీఎఫ్టీ మేస్టారూ. ఏడొందల లెక్కన రెండువేల ఎనిమిదొందలు." అంతా నోటిలెక్కే, నోట్లో బీడీ కూడా కదల్లేదు.

ముప్పయ్యేళ్లు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పినవాణ్ణి. స్కేలూ కంపాసుతో వృత్తాన్ని అంతే వైశాల్యమున్న చతురస్రం చెయ్యడం కుదరదని 1882లో లిండెమన్ అనే జర్మన్ లెక్కలాయన తేల్చిపారేశాడు. ఈయన బీడీ ఆరేలోగా చేసేశాడు. నేను ఊరుకుంటానా?

"ఇది దుంగయ్యా, పెట్టె కాదు. గుండ్రటి దానికి పై వాడాలి."

"పై అంటే ఏటి మేస్టారూ, పైన ఎంతేస్తారేటి?"

లోడింగు కుర్రాళ్లు నవ్వారు. ఆ నవ్వుకి నేనూ ఓ నవ్వు కలిపి డబ్బులిచ్చి వచ్చేస్తే సరిపోయేది. కానీ దుంగల మీద నంబర్లు వేసే చాక్‌పీసు అక్కడే కనబడింది. నా చేతికి చాక్‌పీసు తగిలితే గొంతు దానంతటదే వెనక బెంచీ దాకా లేస్తుంది. కోసిన దుంగ మొహం మీద వృత్తం గీశాను (అదే ఓ వృత్తం, దాని మీద మళ్లీ వృత్తం). చుట్టుకొలత వర్గం బై నాలుగు పై అన్నాను. అలవాటుగా వెనక్కి తిరిగి "అర్థమైందా?" అని కూడా అడిగాను. "అయింది సార్!" అని ట్రాలీ ఆటోలోంచి వినబడింది. చూస్తే నా పాత స్టూడెంటు.

ఇంకేముంది, రెచ్చిపోయాను. నలభయ్యెనిమిది వర్గం 2304. బై 12.57. 183. బై 144. 1.27. ఇంటూ నాలుగు.

5.09.

చాక్‌పీసు ఆగింది. బోర్డు మీద ఇలాంటిదొస్తే మా వాళ్లం చేసేదొకటే: "చిన్న పొరపాటు దొర్లింది" అని చేత్తో చెరిపేసి మళ్లీ మొదలెట్టడం. మళ్లీ మొదలెట్టాను. మళ్లీ 5.09.

ఆయన తొంగి చూశాడు. "అయిదూ పాయింటు సున్నా తొమ్మిదా? అయితే ఇన్నాళ్లూ మనం నష్టానికి అమ్ముకుంటన్నాం కదేటి!"

"మా సార్ లెక్క తప్పదండి," అన్నాడు ఆటోలోంచి, లెక్కల్లో రెండుసార్లు తప్పినవాడు.

"చదువుకున్నోరు, చిల్లరొదిలేస్తన్నాను" అని అయిదుకే డబ్బు తీసుకున్నాడు మహానుభావుడు. మూడువేల అయిదొందలు. లోడింగు వేరే. ఆటో వేరే, గురుదక్షిణ ఏమీ తగ్గలేదు.

రాత్రి నిద్రపట్టక వెతికాను. ఈ నాలుగోవంతు లెక్కకి 1736లోనే హోప్పస్ అనే ఇంగ్లిషాయన పట్టికలు అచ్చేశాడట. దుంగలో అయిదో వంతు పైచిలుకు లెక్కలోకి రాకుండా వదిలేస్తుందది, బెరడుకీ కోతలో పోయే ముక్కలకీ. అంటే కొనేవాడికి అడక్కుండానే ఇచ్చే తగ్గింపు. దాన్ని నేను బొమ్మ గీసి మరీ వద్దన్నాను.

సరే, అది నా ఖర్మ. కానీ టేపు దుంగ నడిమధ్య పట్టాలట. ఆయన పట్టింది మొదట్లో, లావుగా ఉన్నచోట! టార్చిలైటు పట్టుకుని పెరట్లోకి పోయి మధ్యలో కొలిచాను. నలభై నాలుగు. నాలుగోవంతు పదకొండు. 3.36 సీఎఫ్టీ. రెండువేల మూడొందల యాభై! నేను పై అంటూ ఊగిపోతున్నప్పుడు ఆ మనిషి టేపు ఎంత నెమ్మదిగా చుట్టి జేబులో పెట్టుకున్నాడో ఇప్పుడు గుర్తొస్తోంది. శనివారం మళ్లీ కొలిచాను. ఆదివారం మా ఆవిడతో పట్టించి కొలిచాను.

పచ్చి దుంగ తెచ్చిన రోజే రెండు కొసలకీ మైనం పుయ్యాలి, మూలుగు (దుంగ నడిమధ్య ఉండే మెత్తటి భాగం) వెంట నిలువునా చీల్చి పెట్టాలి. లేకపోతే కొసలు ముందు ఎండి బిగుసుకుంటాయి. ఇవన్నీ నాకు తెలుసు. కొవ్వొత్తుల పాకెట్టు కూడా కొన్నాను, విప్పలేదు.

ఇవాళ పొద్దున్న ఎండెక్కేసరికి పెరట్లో టప్పుమంది. మూలుగు దగ్గర్నించి బెరడు వైపు, సరిగ్గా నేను చాక్‌పీసుతో వ్యాసార్ధం గీసినచోటే పగులు. టేపు చేతిలోనే ఉంది కదా అని కొలిచాను. ఏడంగుళాలు.