సలివన్ నగిషీ దాదాపు అంతా కింది రెండు అంతస్తుల్లోనే ఎందుకు పెట్టాడు?

మన ఊళ్లలో కార్నర్ బిట్టుకు గజం ధర ఎప్పుడూ ఓ మెట్టు పైనే. రెండు వీధుల జనం కళ్లూ అక్కడ పడతాయని ఆ ధర. తీరా కొన్నాక అక్కడ లేచేది పక్క స్థలంలో లేచినలాంటి డబ్బా భవనమే, మహా అయితే ఓ ఫ్లెక్సీ ఎక్కువ. షికాగోలో స్టేట్, మాడిసన్ వీధులు కలిసే చోట లూయీ సలివన్ అనే ఆర్కిటెక్ట్ కట్టిన దుకాణాన్ని చూస్తే, కార్నర్ బిట్టు ధర ఎలా రాబట్టాలో ఆయనకు తెలుసనిపిస్తుంది.

ష్లెసింగర్ అండ్ మేయర్ అనే డిపార్ట్‌మెంట్ స్టోర్ కోసం 1899లో మాడిసన్ వీధి వైపు తొమ్మిది అంతస్తులు లేచాయి. మూల దగ్గరి పన్నెండు అంతస్తుల భాగం 1903-04లో వచ్చింది. 1904లోనే దుకాణం చేతులు మారి కార్సన్ పిరీ స్కాట్ అయింది, 2007లో మూతపడేదాకా ఆ పేరే. 1909 నుంచి షికాగోలో ఇంటి నంబర్ల లెక్క మొదలయ్యేది కూడా ఈ కూడలి నుంచే.

పై అంతస్తులు చూస్తే ఆశ్చర్యపోయేంత సాదా. బరువంతా ఉక్కు చట్రం మోస్తుంది కాబట్టి గోడలకు ఆ పని లేదు. తెల్లటి టెర్రకోట పలకల మధ్య వెడల్పాటి కిటికీలు వరసగా సాగిపోతాయి. నడుమ కదలని పెద్ద అద్దం, అటూ ఇటూ గాలికి తెరుచుకునే సన్నటి రెక్కలు. చీర రంగు పగటి వెలుతురులో చూస్తేగానీ నమ్మని మనవాళ్లకు ఆ కిటికీల అవసరం వేరే చెప్పక్కర్లేదు.

ఇక కింది రెండు అంతస్తులు. పోత ఇనుములో ఆకులు, తీగలు, మొగ్గలు ఒకదానిలోంచి ఒకటి పుట్టుకొచ్చి షోకేసు అద్దాల చుట్టూ అల్లుకుంటాయి. ఆ వివరాల్లో చాలావాటి వెనుక ఆయన సహచరుడు జార్జ్ ఎల్మ్‌స్లీ చెయ్యి ఉంది. ఇనుము మీద ఎర్ర రంగు వేసి, పైన ఆకుపచ్చ పూసి, చిలుము పట్టిన కంచులా కనిపించేట్టు చేశారు. రెండు వీధులూ కలిసే మూల గుండ్రంగా తిరుగుతుంది, ద్వారాలు అక్కడే. అడ్డంగా సాగుతున్న కిటికీల వరసలు అక్కడికొచ్చేసరికి సన్నబడి నిలువుగా పైకి లేస్తాయి. ఏ వీధిలోంచి వచ్చినా దారి అడగక్కర్లేదు.

ఆకారం ఎప్పుడూ ప్రయోజనం వెంటే నడుస్తుందని 1896లో రాసింది ఈ సలివనే. ఆ మాట పట్టుకుని తర్వాతి తరం నగిషీని దండగ ఖర్చు కింద కొట్టేసింది. ఈ మూల దగ్గర నిలబడితే ఆ వాదన నిలవదు. దారిన పోయేవాడి కన్ను చేరేది మొదటి రెండు అంతస్తులకే. అతన్ని ఆపి, షోకేసు వైపు తిప్పి, లోపలికి నడిపించడం ఆ ఇనుప తీగల ఉద్యోగం. పన్నెండో అంతస్తులో ఆ పని లేదు, అందుకే అక్కడ అంత నగిషీ లేదు. నా లెక్కలో ఇది ఆయన సూత్రానికి మినహాయింపు కానే కాదు, అదే సూత్రం.

పాత ఎలివేషన్ కాపాడితే వ్యాపారం సాగదని మన పాత బజార్లలో తరచూ వినిపించే మాట. ఈ భవనమూ దెబ్బలు తినకపోలేదు. పైచూరును 1948లో తీసేశారు, 2006లో గానీ తిరిగి కట్టలేదు. 2012లో ఇక్కడికి టార్గెట్ అనే పెద్ద దుకాణాల సంస్థ వచ్చింది. బయట ఇనుప అల్లికను కప్పేసే బోర్డేమీ పెట్టలేదు, తన ఎర్ర గుండ్రాల గుర్తును అద్దాల లోపలే వేలాడదీసుకుంది. వీధిలోంచి చూసేవాళ్లకు ఆ గుర్తూ కనిపిస్తుంది, సలివన్ తీగలూ కనిపిస్తాయి. మన దగ్గర అయితే ముందు డ్రిల్లింగ్ మిషన్ వచ్చేది, తర్వాత గోడంతా కప్పేసే ఏసీపీ షీటు.