ఒక్కడే వస్తే రూం ఎందుకు ఇవ్వరు?

కోనసీమలో బండి మీద ఒంటరిగా తిరిగేవాడికి ఎక్కడికెళ్లినా మొదట ఎదురయ్యే ప్రశ్న ‘ఒక్కడివేనా?’ టీ కొట్టు దగ్గర అది పలకరింపు. మనుషుల్ని, బండ్లని నది దాటించే పంటు దగ్గర కాలక్షేపం. లాడ్జి కౌంటర్ దగ్గర మాత్రం అనుమానం. ఈ అనుమానం వల్ల ప్రాణాలు నిలబడవు సరికదా, పోయే అవకాశమే ఎక్కువని నాకు ఒక రాత్రి అర్థమైంది.

పోయిన డిసెంబరులో మారేడుమిల్లి వెళ్లాను. అమలాపురంలో తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరి రావులపాలెం, రాజమండ్రి దాటి, గోకవరంలో ట్యాంకు నింపుకుని, రంపచోడవరంలో ఇడ్లీ తిని ఘాట్ ఎక్కేసరికి చెట్ల మీద మంచు ఇంకా విడలేదు. మధ్యాహ్నం దాకా జలపాతం దగ్గరే కూర్చున్నాను. ఫొటో తియ్యమనేవాళ్లు లేరు, ఇక వెళ్దామా అని తొందరపెట్టేవాళ్లు లేరు. అది కావాలనే నేను ఒక్కణ్నే వెళ్తాను. సాయంత్రం కొండ దిగేసరికి నడుం పట్టేసింది, కళ్లు మండుతున్నాయి. దారిలో ఒక ఊళ్లో ఆగి రూం అడిగాను. కౌంటర్ వెనక బోర్డుకి తాళాలు వరసగా వేలాడుతూనే ఉన్నాయి, ‘సింగిల్‌కి ఇవ్వమండీ’ అన్నారు. ఆధార్ చూపించాను. మా ఇంటికి ఫోన్ చేసి మాట్లాడమన్నాను. కుదరదన్నారు. పక్క లాడ్జిలోనూ అదే మాట.

వాళ్ల భయం నాకు తెలుసు. ఒంటరిగా వచ్చినవాడు గదిలో ఏమైనా చేసుకుంటే ఆ తర్వాత పోలీసులు, స్టేషన్ చుట్టూ తిరగడం, లాడ్జి పేరు పోవడం. అది ఉత్తి భయం కాదు, నిజంగానే నష్టపోయినవాళ్లు ఉంటారు. కానీ రూం లేదన్నాక ఏం జరుగుతుందో కూడా ఆలోచించాలి కదా. పొద్దున నాలుగింటి నుంచి బండి మీద ఉన్న మనిషి చీకట్లో మళ్లీ రోడ్డెక్కుతాడు.

నేనూ ఎక్కాను. రావులపాలెం దాకా హైవే కాబట్టి ఎలాగో లాక్కొచ్చాను. కొత్తపేట దాటాక సార్వా (ఖరీఫ్) ధాన్యం రోడ్డు మీదే ఉంది. సగం రోడ్డు దాకా రాశి పోసి, నల్ల బరకం కప్పి, అంచు వెంట రాళ్లు పేర్చారు. బరకమూ నలుపే, తారు రోడ్డూ నలుపే. ఎదురుగా వచ్చే లారీ లైట్లు కళ్లలో పడి, అది దాటి మళ్లీ చూపు ఆనేసరికి రాశి పది అడుగుల్లో ఉంది. ఎడమ పక్క కాలువ, అడ్డుగోడ లేదు. బ్రేకు వేస్తే చెదిరిన గింజల మీద వెనక చక్రం పక్కకి జారిపోయింది. బండి పడలేదు గానీ నా కాలు మాత్రం చాలాసేపు వణుకుతూనే ఉంది. రైతుని తిట్టడానికి నోరు రాలేదు. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో ధాన్యం తీసుకోరు, ఆరబెట్టుకోవడానికి అందరికీ కళ్లాలు లేవు, ఉన్న గట్టి నేల రోడ్డే. అతని కష్టం అతనిది. కానీ ఆ టైములో నేను ఆ రోడ్డు మీద ఉండాల్సిన అవసరం లేదు, డబ్బిచ్చి పడుకోవడానికి సిద్ధంగా ఉన్న మనిషిని.

డెల్టా రోడ్ల సంగతి తెలిసినవాళ్లకి ఇది కొత్త కాదు. చేపల లారీల నుంచి కారే నీళ్లకి మలుపులు సబ్బు రాసినట్టు ఉంటాయి. కాలువ గట్టు రోడ్డు ఎక్కడ ఒంపు తిరుగుతుందో రాత్రిపూట ఆ ఊరివాళ్లకి తప్ప తెలియదు. 2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే అందులో దాదాపు 44 శాతం మంది ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవాళ్లే. బండి మీద తిరిగేవాడికి అసలు గండం రోడ్డు మీదే ఉందని చెప్పడానికి ఇంతకంటే లెక్క అక్కర్లేదు.

మరి నీళ్ల దగ్గర? ఇంట్లోవాళ్లు భయపడేది దానికే. ‘ఒక్కడివే వెళ్లకురా, ఫ్రెండ్సుని తీసుకెళ్లు’ అంటారు. మన దగ్గర జరిగినవి ఒకసారి గుర్తు తెచ్చుకోండి. 2024 సెప్టెంబరులో మారేడుమిల్లి జలతరంగిణి జలపాతం దగ్గర ఏలూరు నుంచి వచ్చిన వైద్య విద్యార్థుల బృందంలో ఐదుగురు కొట్టుకుపోయారు, ముగ్గురు చనిపోయారు. వాళ్లని తప్పుపట్టడానికి చెప్పడం లేదు, పైన వాన పడి వాగు ఒక్కసారిగా పొంగితే ఎవరైనా ఏం చేస్తారు. పక్కన మనుషులు ఉన్నంత మాత్రాన నీళ్ల దగ్గర ప్రాణానికి హామీ లేదనే నా మాట. గుంపులో ఉంటే ఇంకో రెండడుగులు లోపలికి వేస్తాం, ఒకడు జారితే ఇంకొకడు చెయ్యి అందించబోయి తనూ పోతాడు. ఒక్కడే ఉన్నవాడు మోకాలి లోతులో ఆగిపోతాడు, లాగేవాళ్లు లేరని తెలుసు కాబట్టి. కనీసం నేనైతే అక్కడే ఆగుతాను.

కొండ వాగు సంగతి తెలుసుకోవాలంటే మనం నిలబడ్డ చోట ఎండ ఉందా లేదా అని చూస్తే చాలదు. వాన ఎగువన పడుతుంది. నీళ్ల రంగు మారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకురావడం మొదలైనా ఫోన్ కోసం, చెప్పుల కోసం చూసుకోకుండా గట్టెక్కాలి. సముద్రం ఇంకోరకం. అలలు విరుగుతున్న చోట భయమేసి, పక్కనే కాస్త నిశ్చలంగా, ముదురు రంగులో కనిపించే చోట దిగుతారు. చాలాసార్లు ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ లోపలికి తిరిగి వెళ్లే దారి అదే. అందులో పడితే ఒడ్డుకేసి ఈదితే అలిసిపోతాం, ఒడ్డు వెంబడి పక్కకి ఈదాలి. అంతర్వేది అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గరైతే సముద్రం వెనక్కి తీసే పాటు సమయంలో గోదావరి పాయ వశిష్ఠ నీళ్లూ సముద్రపు నీళ్లూ కలిసి బయటికి లాగుతాయి, అక్కడ ఎంత ఈతగాడైనా దిగకూడదు.

ఒంటరిగా వెళ్తే ప్రమాదం లేదని నేను అనను. ఘాట్‌లో సిగ్నల్ పోయిన చోట మలుపులో పడితే, లోయలోకి జారితే, చూసేవాడు ఉండడు. అందుకే మారేడుమిల్లి దాటే ముందు ఎటు వెళ్తున్నానో, ఎన్నింటికి తిరిగొస్తానో ఇంటికి ఒక మెసేజ్ పెడతాను, టీ తాగిన కొట్టులో కూడా చెబుతాను. చీకటి పడ్డాక ఘాట్ రోడ్డు మీద ఉండను. ఇంతా చేసి కిందకి దిగాక పడుకునే చోటు లేకపోతే ఆ జాగ్రత్త అంతా వృథా.

ఇదంతా మగవాడి సంగతి. మా పెద్దమ్మ మనవరాలు స్కూటీ మీద యానాం వంతెన దాటి కాకినాడ వెళ్లి, ఉప్పాడ బీచ్ చూసి అదే రోజు తిరిగొచ్చింది. ఉండాలనే అనుకుంది. ఫోన్ చేసిన చోటల్లా ‘మీతో ఇంకెవరు వస్తున్నారమ్మా’ అనే అడిగారట. పైగా దారిలో వాడుకోగలిగే బాత్రూం కోసం మూడు పెట్రోల్ బంకుల దగ్గర ఆగిందట.

పర్యాటకం పెంచుతాం అన్నప్పుడల్లా రిసార్టుల గురించి, బోట్ల గురించి మాట్లాడతారు. ఒక్కడికి అద్దెకిచ్చే శుభ్రమైన గది, పెద్దదేమీ అక్కర్లేదు, మంచం, ఫ్యాను, బండికి నీడ, దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఆధార్, బండి నంబరు తీసుకుని ఇంట్లోవాళ్లతో ఒక్క నిమిషం ఫోన్లో మాట్లాడితే లాడ్జివాళ్ల భయం చాలావరకు తీరుతుంది. అలా చేసేవాళ్లకి ఇబ్బంది రాదని స్థానిక పోలీసులు ఒక్క మాట చెబితే ఇంకా మంచిది.

మొన్న సఖినేటిపల్లి రేవులో నర్సాపురం వెళ్లడానికి పంటు ఎక్కుతుంటే, నా బండి చక్రానికి రాయి అడ్డుపెడుతున్న పెద్దాయన అదే ప్రశ్న అడిగాడు. ఒక్కణ్నే అన్నాను. ‘అయితే చీకటి పడకుండా తిరిగి రా. పంటు ఆగిపోతే చించినాడ వంతెన మీంచి చుట్టు తిరగాలి, రాత్రి ఆ దారి నీకు కొత్త’ అన్నాడు. నేను అయిదున్నరకల్లా రేవుకి వచ్చేశాను.